అత్తమీది కోపము దుత్తమీద

“అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు” అను సామెతను వినని బాలబాలికలు మనలో నుండరు. అత్త కఠినముగా మాటలాడెను. కోడలు బదులు చెప్పజాలక చేతిలోని పాలదుత్తను నేలకు కొట్టెను. దుత్త పగిలెను, పాలు పోయెను; అత్త మనస్సు మారలేదు, కోడలి దుఃఖము తీరలేదు. కష్టకాలమున మనకు వచ్చు కోపముయొక్క స్వభావమంతయు ఈ చిన్న సామెతలో నిమిడియున్నది. అట్టి కోపము తనకు కారణమైన చోటికి పోక, దగ్గరనుండి యెదురు చెప్పలేనివారిమీదికి పోవును. ఈ సంగతిని కొంత విచారింతము.

వానలు తప్పి పైరు ఎండిన యేట, అప్పు తీర్చుమని షావుకారు కబురంపిన దినమున, తండ్రి యింటికి వచ్చి అన్నము చల్లారినదని భార్యను గద్దించును. వానను గద్దింపలేడు, షావుకారును గద్దింపలేడు. రోగియొద్ద రాత్రియంతయు మేలుకొనియున్న తల్లి, తెల్లవారి తన పుస్తకమేదని యడిగిన పిల్లవానిని కసరును. పదవతరగతి పరీక్షలు సమీపించినప్పుడు, లెక్కలు రాక విసిగిన యన్న చెల్లెలి పలకను విసరివేయును. వీరెవరును దుష్టులు కారు. వీరి కోపముక్రింద వేరొకటి దాగియున్నది. తండ్రికి భయము, తల్లికి అలసట, అన్నకు సిగ్గు. వీనిని ఒప్పుకొనుట కష్టము, కోపపడుట సులభము.

దేహశాస్త్రము కూడ దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. అమెరికాదేశమున హార్వర్డు విశ్వవిద్యాలయపు పండితుడగు వాల్టరు కానన్ నొప్పి, ఆకలి, భయము, క్రోధము కలిగినప్పుడు దేహమునందు జరుగు మార్పులనుగూర్చి 1915వ సంవత్సరమున ఒక గ్రంథమును ప్రకటించెను. మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, రక్తములో చక్కెర పెరుగును, జీర్ణక్రియ మందగించును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధపడును. పులి యెదురైనప్పుడు ఈ యేర్పాటు ప్రాణము కాపాడవచ్చును గాని, అప్పుపత్రమును, లెక్కల ప్రశ్నలను పిడికిలితో గెలువలేము. భయమునకును కోపమునకును దేహము చేయు సన్నాహము ఇంచుమించుగా నొక్కటియే. కావున భయము కోపరూపమున బయలుపడుట వింత కాదు.

వేదగ్రంథమునందు దీనికి దృష్టాంతములు గలవు. సంఖ్యాకాండము 20వ అధ్యాయమును చదువుడు. కాదేషులో నీళ్లు లేక ప్రజలు మోషేతో జగడమాడిరి. బండతో మాటలాడుమని దేవుడు సెలవియ్యగా, మోషే ప్రజలతో కఠినముగా పలికి, కఱ్ఱతో బండను రెండుమారులు కొట్టెను. నీళ్లు వచ్చెను గాని, వాగ్దానదేశమున ప్రవేశించు భాగ్యము ఆయనకు తప్పిపోయెను. ఈ కథను చెప్పువారు ఆ యధ్యాయపు మొదటి వచనమును తరచుగా విడిచిపెట్టుదురు. మోషే సహోదరియగు మిర్యాము అక్కడనే మరణించి పాతిపెట్టబడినట్లు అందులో నున్నది. దుఃఖమే ఆ కోపమునకు కారణమని గ్రంథము చెప్పలేదు. అయినను ఆ రెండు సంగతులు ఒకదానివెంట నొకటి యుండుట గమనింపదగినది. చావు జరిగిన యింట చిన్నమాటకు పెద్ద జగడము పుట్టుట మనమెరిగినదే.

యోనా గ్రంథము 4వ అధ్యాయము మరియొక దృష్టాంతము. నీనెవె పట్టణము నాశనము తప్పించుకొనగా యోనా మిక్కిలి కోపించి, పట్టణమునకు తూర్పున పందిలి వేసికొని కూర్చుండెను. దేవుడు సొరచెట్టును మొలిపించి నీడ నిచ్చెను. మరునాడు పురుగు దానిని తొలిచెను; వడగాలి వీచెను; ఎండ తలకు తగిలెను. యోనా చావు కోరుకొనెను. దేవుడు అతనిని నోరు మూసికొమ్మనలేదు. ఆ కోపము న్యాయమైనదా యని ప్రశ్నించెను. ఒకసారి కాదు, రెండుసార్లు. కోపముతోనున్నవానికి ఉపదేశము చెవికెక్కదు. ప్రశ్న యడిగినచో వాడు తన లోపలికి చూచుకొనవలసివచ్చును.

అయితే కోపమంతయు పాపమా? కాదు. మార్కు సువార్త 3వ అధ్యాయమున, ఊచచెయ్యిగలవాడు విశ్రాంతిదినమున బాగుపడుట కిష్టపడనివారిపై యేసుప్రభువునకు కోపమును దుఃఖమును కలిగెనని యున్నది. ఆ కోపము ఎవరిని కొట్టలేదు. ఒక మనుష్యుని చెయ్యి బాగుపడెను. కోపమును కొలుచుటకు ఇదియే కొలత: అది దేనిని బాగుచేసెను? దేనిని పగులగొట్టెను?

ఇక సాధనమార్గము. మొదటిది, ఆలస్యము. రోమా తత్త్వవేత్తయగు సెనెకా కోపమునుగూర్చి మూడు భాగముల గ్రంథమును వ్రాసి, తన యన్నయగు నొవాటుసును సంబోధించెను. ఆ యన్నయే తరువాత దత్తతచే వేరుపేరు పొందినవాడై, అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయమున పౌలుమీది ఫిర్యాదును త్రోసివేసిన గల్లియో. కోపమునకు ఆలస్యమే గొప్ప మందని సెనెకా బోధించెను. కావున మాట రాకముందే మంచినీళ్లు త్రాగుడు. వీధి చివరివరకు నడచి రండు.

రెండవది, కోపముక్రింద దాగినదానికి పేరు పెట్టుట. “పంట పోయినది, నాకు భయముగా నున్నది” అని తండ్రి చెప్పగలిగిన యింట అన్నము చల్లారినదను జగడము పుట్టదు. “రాత్రి నిద్ర లేదు” అని తల్లి చెప్పినచో పిల్లవాడే పుస్తకము వెదకికొనును.

మూడవది, ప్రొద్దు క్రుంకకముందే సమాధానపడుట. పౌలు ఎఫెసీ సంఘమునకు ఈ బుద్ధియే చెప్పెను. పెద్దవారు చిన్నవారిని క్షమింపుమని యడుగుట అవమానము కాదు.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. ఒకరి కష్టమును అర్థము చేసికొనుట వేరు, వారి దెబ్బలకు ఓర్చుకొనుట వేరు. ఇంటిలో కోపము చేతివరకు వచ్చుచున్నచో, బాలబాలికలు దానిని దాచక నమ్మదగిన ఉపాధ్యాయునితోగాని బంధువుతోగాని చెప్పవలెను. 1098 అను బాలల సహాయసంఖ్యకు ఫోను చేయుటయు తప్పు కాదు. అట్లు చెప్పుట తలిదండ్రులకు ద్రోహము కాదు.

ఉపాధ్యాయులమైన మనకును ఒక మాట. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటనే కాక, వారి మనస్సును బాధించుటను గూడ నిషేధించినది. బెత్తము పోయినను నాలుక యున్నది. వ్రాతపుస్తకములు దిద్ది యలసిన సాయంకాలపు విసుగు, మరునాడు ఆలస్యముగా వచ్చిన పిల్లవానిపై పడరాదు. వాడు ఆ యుదయమున ఇంటిలో ఎవరికి దుత్తయై వచ్చెనో మనకు తెలియదు.

యోనా గ్రంథము ప్రశ్నతోనే ముగియును. సొరచెట్టుకొరకు విచారపడిన యోనాకు, 1,20,000 మందికంటె ఎక్కువ జనులున్న పట్టణమును దేవుడు చూపెను. అతడేమి బదులు చెప్పెనో వ్రాయబడలేదు. విద్యార్థులారా, ఎండలును పరీక్షలును కలిసి వచ్చు దినములు మీ ముందున్నవి. కోపము వచ్చినప్పుడు చెయ్యి యెత్తకముందు, నోరు తెరవకముందు, ఇది ఎక్కడనుండి వచ్చినది, ఎవరిమీదికి పోవుచున్నది అని మిమ్మును మీరే ప్రశ్నించుకొనుడు.