షెర్లాక్ హోమ్స్ కుక్కకు భాస్వరం పరీక్ష

పిల్లలూ! డిటెక్టివ్ అనగానే మీకు ఎవరు గుర్తుకు వస్తారు? ప్రపంచంలో ఎక్కడ అడిగినా ఎక్కువమంది చెప్పే పేరు షెర్లాక్ హోమ్స్. ఆర్థర్ కోనన్ డాయిల్ అనే బ్రిటిష్ రచయిత ఇతన్ని సృష్టించాడు. హోమ్స్ మొదటి కథ 1887లో వెలువడింది. 2024లో తెలుగులో ‘శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్’ అనే సినిమా వచ్చిందంటే, ఆ పేరు మన ఊళ్ళదాకా ఎలా నడిచి వచ్చిందో చూడండి!

హోమ్స్ కథల్లో ఎక్కువసార్లు సినిమాగా తీసినవాటిలో ఒకటి ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’. ఇది 1901–02లో ‘స్ట్రాండ్’ అనే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1939లో అమెరికాలో సినిమాగా తీసినప్పుడు బేసిల్ రాత్‌బోన్ హోమ్స్ వేషం వేశాడు.

కథ ఇది. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతం. చుట్టూ ఊబి నేలలు, పొగమంచు. అక్కడ ఒక జమీందారీ కుటుంబాన్ని దెయ్యపు కుక్క వెంటాడి చంపుతుందని పాత నమ్మకం. పెద్దాయన ఒకరు చనిపోతాడు. దగ్గరలో పెద్ద కుక్క పాదాల గుర్తులు కనిపిస్తాయి. హోమ్స్ ఆ కుక్కను కనిపెడతాడు. చీకట్లో దాని నోరు, కళ్ళు మండుతున్నట్టు వెలుగుతుంటాయి. చచ్చిన తరువాత దాని మూతిని తాకి చూస్తే చేతివేళ్ళు కూడా మెరుస్తాయి. అది దెయ్యం కాదు. ఆస్తి కోసం ఒక దుర్మార్గుడు మామూలు కుక్కకు భాస్వరంతో చేసిన మందు పూసి వదిలాడన్నమాట.

అరకులోయ ప్రాంతంలోని మా బడి వసతిగృహంలో డిసెంబరు నెలలో ఒక రాత్రి పిల్లలకు ఈ సినిమా చూపించి, పుస్తకంలోని కథ కూడా చెప్పాను. బయట చలి, మంచు. అందరూ దుప్పట్లు కప్పుకుని దగ్గర దగ్గరగా కూర్చున్నారు. దెయ్యం కాదని తేలగానే హమ్మయ్య అనుకున్నారు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం లేచి, “మేష్టారూ, భాస్వరాన్ని నీళ్ళలో దాచాలని పాఠంలో ఉంది కదా. కుక్కకు పూస్తే అది కాలిపోదా?” అని అడిగింది.

ఎంత మంచి ప్రశ్న! దెయ్యం మాటనే కాదు, డిటెక్టివ్ మాటను కూడా ఊరికే నమ్మలేదు ఆ అమ్మాయి. మర్నాడు తరగతిలో మేము చేసిన విచారణ మీకూ చెబుతాను.

మొదటి అనుమానితుడు: తెల్ల భాస్వరం

1669లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది, మూత్రాన్ని మరగకాచి బంగారం చేద్దామనుకుని, చీకట్లో మెరిసే మైనం వంటి పదార్థాన్ని కనుగొన్నాడు. అదే తెల్ల భాస్వరం. గాలిలోని ఆక్సిజన్‌తో అది నెమ్మదిగా కలుస్తున్నప్పుడు వచ్చే శక్తిలో కొంత కాంతిగా బయటపడుతుంది. దీనిని రసాయన దీప్తి అంటారు.

తెల్ల భాస్వరం గాలిలో సుమారు 30 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరే అంటుకుంటుంది. మరి కుక్క శరీర ఉష్ణోగ్రత ఎంత? 38, 39 డిగ్రీలు! అంటే ముద్దను మూతికి పూస్తే కుక్క మెరవదు, మండుతుంది. బాధతో అరుస్తూ పారిపోతుంది గాని ఎవరినీ వెంటాడదు. మా అమ్మాయి అనుమానం నూటికి నూరుపాళ్ళూ నిజం.

“నూనెలో కరిగించి పలచగా చేస్తే?” అన్నాడు ఒక కుర్రాడు. ఆ మాటా నిజమే. నూనెలో కొద్దిగా కరిగిన భాస్వరం మండకుండా మెరుస్తుంది. హోమ్స్ కూడా దీన్ని తెలివిగా తయారుచేసిన మందు అనే అంటాడు. కాని కుక్క మూతిని నాకకుండా ఉంటుందా? తెల్ల భాస్వరం భయంకరమైన విషం. ఆ రోజుల్లో అగ్గిపుల్లల కర్మాగారాల్లో దాని ఆవిరి పీల్చిన కూలీలకు దవడ ఎముకలు కుళ్ళిపోయేవి. అందుకే 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు చేరి అగ్గిపుల్లల్లో దాని వాడకాన్ని నిషేధించాయి. ఇప్పుడు అగ్గిపెట్టె పక్కన గరుకు పట్టీలో ఉండేది ప్రమాదం తక్కువైన ఎర్ర భాస్వరం.

ఇంకొక చిక్కు ఉంది. కథలో కుక్క, దొంగిలించిన పాత బూటు వాసన పట్టి మనిషిని వెతుకుతుంది. అందుకే మందుకు వాసన లేదని హోమ్స్ ప్రత్యేకంగా చెబుతాడు. కాని తెల్ల భాస్వరానికి వెల్లుల్లి వంటి వాసన ఉంటుంది. ముక్కు మీదే ఆ వాసన ఉంటే బూటు వాసన ఏం తెలుస్తుంది?

రెండవ అనుమానితుడు: మెరిసే రంగు

1877లో బాల్‌మెయిన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త కాల్షియం సల్ఫైడుతో చీకట్లో మెరిసే రంగుకు పేటెంటు పొందాడు. ఈ రంగు పడిన వెలుతురును దాచుకుని, చీకట్లో కొద్దికొద్దిగా వదులుతుంది. దీనిని స్ఫురదీప్తి అంటారు. కథాకాలానికి ఇది దొరికేదే. నిప్పు భయం లేదు. కాని తడి తగిలితే కాల్షియం సల్ఫైడు నుంచి కుళ్ళిన గుడ్డు వాసన గల వాయువు వస్తుంది. పొగమంచులో, తడి మూతి మీద ఈ రంగూ కుక్క ముక్కును పాడుచేస్తుంది.

మూడవ అనుమానితుడు: మిణుగురు పురుగు

మన కొండల్లో వానలు మొదలయ్యే రోజుల్లో చెట్లనిండా మినుకుమనే మిణుగురులు మీకు తెలుసు. వాటి పొట్టలో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి, దాదాపు వేడి లేకుండా కాంతినిస్తుంది. మంట లేదు. కాని దాన్ని డబ్బాలో నింపి కుక్కకు పూయడం ఎవరికి సాధ్యం?

మరి తీర్పు ఏమిటి? వెలగాలి, కుక్కకు హాని చేయకూడదు, వాసన ఉండకూడదు. ఈ మూడు షరతులకూ మా అనుమానితుల్లో ఒక్కటీ నిలవలేదు. డాయిల్ వైద్యం చదివిన డాక్టరే. అయినా కథ కోసం ఇక్కడ కొంచెం స్వేచ్ఛ తీసుకున్నాడు.

సినిమావారికి కూడా ఈ కుక్క చిక్కే. ఈ కథ స్ఫూర్తితో బీరేన్ నాగ్ 1962లో తీసిన హిందీ చిత్రం ‘బీస్ సాల్ బాద్’లో కుక్కే లేదు. దాని బదులు, చనిపోయిన ఒక స్త్రీ ఆత్మ తిరుగుతోందని ఊరివాళ్ళు భయపడతారు. విశాఖపట్నంలో చదువుకుని, 1955లో ‘రోజులు మారాయి’లో నాట్యంతో తెలుగువారికి పరిచయమైన వహీదా రెహమాన్ అందులో కథానాయిక. చివరకు అక్కడా దెయ్యం లేదు, ఉన్నది మనిషే.

మంచు చేసే మాయ

ఈ కథను సినిమాగా తీసేవారికి పొగమంచు పెద్ద సాయం. మంచు అంటే గాలిలో తేలే సన్నని నీటిబిందువులు. అవి కాంతిని అన్ని వైపులకూ చెదరగొడతాయి. అందువల్ల చిన్న దీపం కూడా చుట్టూ వెలుగు వలయంతో పెద్దదిగా కనిపిస్తుంది. దూరం అంచనా తప్పుతుంది.

మన పల్లెల్లో ‘కొరివి దెయ్యం’ మాట వినే ఉంటారు. కొరివి అంటే మండే కట్టె. అవతలి కొండ మీద ఎవరో కట్టె వెలిగించుకుని నడుస్తుంటే, చెట్ల చాటున ఆ వెలుగు ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతుంది. మంచులో అది మరీ పెద్దదవుతుంది. ఆ మనిషి కనబడడు, నిప్పు ఒక్కటే కనబడుతుంది!

ఇదంతా ఎందుకు?

కొరివి దెయ్యానికి భయపడితే ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే. కాని మన మన్యంలో జ్వరం వచ్చి ఎవరైనా చనిపోతే, ఎవరో చిల్లంగి పెట్టారని పొరుగువారిని అనుమానించి కొట్టిన, ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. అక్కడ తప్పు జవాబు ఖరీదు ఒక నిండు ప్రాణం.

ఆ జ్వరం కేసును కూడా ఒక డిటెక్టివే పట్టాడు. హోమ్స్ పుట్టిన పదేళ్ళకు, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు సూక్ష్మదర్శిని కింద దోమ పొట్టను పరీక్షించి మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఎన్నో దోమలను కోసి చూసినా దొరకనిది ఆ రోజు దొరికింది. దోషి పొరుగింటి ముసలమ్మ కాదు, అనాఫిలిస్ దోమ. దీనికి రక్తపరీక్ష ఉంది, మందు ఉంది, దోమతెర ఉంది.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా ఒక కారణం చెబితే, “అదే నిజమైతే ఇంకా ఏమేమి కనబడాలి?” అని అడగండి. చెప్పినవాడు షెర్లాక్ హోమ్సే అయినా సరే!

మీరు చేయండి

1. మంచు పడిన రాత్రి ఒక టార్చిలైటును పది అడుగుల దూరం నుంచి, వంద అడుగుల దూరం నుంచి చూసి, వెలుగు వలయంలో తేడా రాసుకోండి. పెద్దవారిని వెంట తీసుకువెళ్ళండి.

2. ఒక మిణుగురును గాజుసీసాలో ఉంచి, నిమిషానికి ఎన్నిసార్లు మినుకుమంటుందో లెక్కపెట్టి, వెంటనే వదిలేయండి.

3. మీ ఊళ్ళో దెయ్యం కథ ఒకటి సేకరించి, ‘చూసినది’, ‘విన్నది’, ‘ఊహించినది’ అని మూడు వరుసల్లో విడదీయండి. ఏ వరుస పొడవుగా వచ్చిందో చూడండి.

భాస్వరంతో మాత్రం ఎవరూ ప్రయోగం చేయకండి.