రాస్తే ఐదు, వింటే మూడు: ఫ్రెంచ్ క్రియలు తెలుగువాళ్లకి

ఎమ్మెస్‌కి ఫ్రాన్స్ వెళ్దామనుకునేవాళ్లు మన కాలేజీలో పెరిగారు. కోర్సు ఇంగ్లీషులోనే ఉన్నా, అద్దె ఇల్లు, బ్యాంకు, పార్ట్‌టైమ్ పని దగ్గర ఫ్రెంచ్ రాకపోతే కష్టమే. అందుకే నేను మొదలుపెట్టాను. నాకు బాగా పనికొచ్చింది ఒక్కటే: ఫ్రెంచ్ క్రియని ఇంగ్లీషుతో కాదు, తెలుగుతో పోల్చి చూడటం.

'పార్లే' అంటే మాట్లాడటం. రాతలో దాని చివర ఇ, ఆర్ అనే అక్షరాలుంటాయి. ఆ రెండూ తీసేస్తే మిగిలేది ధాతువు. ఎవరు మాట్లాడుతున్నారో దాన్నిబట్టి ప్రత్యయం తగిలించాలి, మన మాట్లాడతాను, మాట్లాడతావు లాగే.

నేను: జ పార్ల్ (రాతలో చివర ఇ)
నువ్వు: త్యు పార్ల్ (ఇ, ఎస్)
అతను, ఆమె: ఇల్ పార్ల్, ఎల్ పార్ల్ (ఇ)
మేము, మనం: ను పార్లోఁ (ఓ, ఎన్, ఎస్)
మీరు: వు పార్లే (ఇ, జెడ్)
వాళ్లు: ఇల్ పార్ల్, ఎల్ పార్ల్ (ఇ, ఎన్, టి)

చూశారా? రాతలో ఐదు రూపాలు, చెవికి మాత్రం మూడే. మనం 'మాట్లాడతాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. ఫ్రెంచ్‌లో ప్రత్యయం వినపడదు కాబట్టి 'జ' వదిలేస్తే ఎవరి సంగతో అర్థం కాదు. సర్వనామం తప్పనిసరి.

డెల్ఫ్ ఎ1 పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు. వినపడని ఆ అక్షరాలు రాయడంలో మార్కులు కోస్తాయి. కాబట్టి పైకి చదువుతూనే చేత్తో రాయండి.

వినడంలో ఒక చిట్కా ఉంది. 'ఎమే' అంటే ఇష్టపడటం. అతను ఇష్టపడతాడు అంటే 'ఇలెమ్', వాళ్లు ఇష్టపడతారు అంటే 'ఇల్‌జెమ్'. అచ్చుతో మొదలయ్యే క్రియల్లో మధ్యలో 'జ' శబ్దం వినిపిస్తే అది బహువచనం.

ఇక మర్యాద. 'త్యు', 'వు' మన నువ్వు, మీరు లాంటివే. ఇంటి ఓనరుతో 'వు' అనే మాట్లాడండి. ఒక్కరే ఉన్నా క్రియ బహువచనంలోనే ఉంటుంది, అచ్చం మన 'మీరు మాట్లాడతారు' లాగా. కానీ 'మా సార్ మాట్లాడతారు' అన్నచోట తెలుగు గౌరవం అక్కడికి పట్టుకెళ్లకండి. ఎంత పెద్ద ప్రొఫెసరైనా ఒక్కరైతే 'ఇల్ పార్ల్', ఏకవచనమే!

ఇంకో సుఖం: 'మాట్లాడతాను', 'మాట్లాడుతున్నాను' రెండింటికీ 'జ పార్ల్' సరిపోతుంది.

ఫ్రెంచ్ క్రియల్లో దాదాపు 90 శాతం ఈ గుంపువే. 'వెళ్లడం' అనే అర్థమున్న 'అలే' మాత్రం చూడ్డానికి ఇలాగే ఉన్నా ఈ దారిలో నడవదు, దాన్ని విడిగా బట్టీ పట్టాల్సిందే.

మీకు చిన్న పని. 'షెర్షే' అంటే వెతకడం. 'నేను రూమ్ వెతుకుతున్నాను', 'మేము వెతుకుతున్నాం' అనేవాటికి క్రియలు రాయండి. జ షెర్ష్, ను షెర్షోఁ అని వచ్చిందా? అయితే పారిస్‌లో రూమ్ వేట మొదలుపెట్టొచ్చు.