సముద్రం మీది తేమను ఉపగ్రహం ఎలా కొలుస్తుంది?

విశాఖపట్నం, మచిలీపట్నం కేంద్రాల నుంచి వాతావరణ శాఖ బెలూన్లు ఎగరవేస్తుంది. వాటికి వేలాడే చిన్న పరికరం ఏ ఎత్తులో ఎంత తేమ ఉందో రేడియో ద్వారా తెలియజేస్తుంది. తీరం దాటితే ఈ సౌకర్యం లేదు. తుపాను బలం పుంజుకునేది మాత్రం అక్కడే, బంగాళాఖాతం మీదే. మధ్య ఎత్తుల్లో పొడి గాలి చొరబడితే అది నీరసిస్తుంది, తేమ నిండి ఉంటే బలపడే అవకాశం పెరుగుతుంది.

ఇన్సాట్-3డి వంటి ఉపగ్రహాల్లోని సౌండర్లు పరారుణ కిరణాలతో తేమను గుర్తిస్తాయి. మేఘం అడ్డొస్తే కింద ఏముందో వాటికి తెలియదు. తుపాను అంటేనే మేఘాలు కదా! మైక్రోవేవ్ తరంగాలు చాలా మేఘాల గుండా దూసుకొస్తాయి.

నీటి ఆవిరి 22.235, 183.31 గిగాహెర్ట్జ్ దగ్గర ఈ తరంగాలను ప్రత్యేకంగా పీల్చుకుంటుంది, తిరిగి వెదజల్లుతుంది. మొదటి చోట శోషణ తక్కువ, కాబట్టి సముద్రం కూడా కనిపిస్తుంది. సముద్రపు నీరు మైక్రోవేవ్‌లను పేలవంగా వెదజల్లుతుంది. అందుకే 27 డిగ్రీల నీరు కూడా ఉపగ్రహానికి సున్నాకు ఎంతో దిగువన ఉన్నట్టు తోస్తుంది. ఆ చల్లని నేపథ్యం మీద ఆవిరి నల్లబల్ల మీది సుద్దగీతలా వెచ్చగా తేలుతుంది. నేల మీద ఇది కుదరదు. నేలే వెచ్చగా కనిపిస్తుంది కాబట్టి గీత తెల్లగోడ మీద గీసినట్టవుతుంది.

ఈ పద్ధతిలో మొత్తం ఆవిరి ఎంతో తెలుస్తుంది, ఏ ఎత్తులో ఎంతన్నది తెలియదు. అందుకు 183 కావాలి. అక్కడ శోషణ ఎంత బలమైనదంటే కింది తరంగాలు పైకి చేరనే చేరవు, పైపొరలవే అందుతాయి. ఆ పౌనఃపున్యం నుంచి కాస్త పక్కకు జరిగితే ఇంకా కింది పొర అందుతుంది. విచిత్రమేమిటంటే, ఇక్కడ తేమ పెరిగితే రీడింగ్ తగ్గుతుంది. తరంగాలు మరింత ఎత్తైన, మరింత చల్లని చోటు నుంచి రావడమే కారణం.

భారత్, ఫ్రాన్స్ కలిసి నిర్మించిన మేఘా-ట్రాపిక్స్‌లోని సాఫిర్ పరికరం 6 ఛానళ్లతో ఈ పనే చేసింది. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులో తిరుగుతూ ఉష్ణమండలాన్ని రోజుకు పలుమార్లు చూసేది. ధ్రువ కక్ష్యలోని ఉపగ్రహం ఒకే చోటును రోజుకు మహా అయితే రెండుసార్లు చూస్తుంది. 2023 మార్చి 7న మేఘా-ట్రాపిక్స్‌ను పసిఫిక్ వైపు దించేశారు. 2024లో పంపిన ఇన్సాట్-3డిఎస్ సౌండర్ మళ్లీ పరారుణ కిరణాలదే.