ఫైబరు పడవకు చివుకు పట్టునా?

గాజునార కుళ్లదు, రెజిన్‌ను చెదలు తినవు. మరి ఫైబరు పడవకు చివుకు ఎక్కడనుండి వచ్చును? మా తీరమున అనేకులు ఈ ప్రశ్న అడుగుదురు.

పడవ వెనుక ఇంజను తగిలించు నిలువు పలకను ట్రాన్సమ్ అందురు. ఇంజను బరువును, అది పడవను నెట్టు బలమును దానిమీదనే పడును. పాత ఫైబరు పడవలు అనేకములలో ఈ పలక వట్టి ఫైబరు కాదు. రెండు గాజునార పొరల నడుమ ప్లైవుడ్ మూయబడి యుండును. ఆ చెక్క మెత్తబడినయెడల మిగిలినవి రెండు పలుచని రేకులు మాత్రమే.

నీరు చొచ్చుట ఎక్కువగా మన చేతులు చేసిన రంధ్రముల వలననే. ఇంజను బోల్టులు, నీరు పోవు బెజ్జము, ఏదో తగిలించుటకు బిగించిన చిన్న మర, ఏదైనను చాలును. చివుకు ఒక బూజు జాతి. తేమ 20 శాతమునకు తక్కువగానున్న చెక్కలో అది పెరుగజాలదు. అయితే పొరల నడుమ చేరిన నీటికి బయటికి దారి లేదు. ఇందులో ఉప్పునీటికంటె వాననీరే ఎక్కువ చెరుపు.

మా సంఘములో ఒక తండ్రియు ఇద్దరు కుమారులును పలక కదలుచున్నదని చూచి, తడిచెక్కమీదనే రెండు పొరల గాజుగుడ్డ అంటించి రంగు వేసిరి. చూపునకు క్రొత్తదివలె నుండెను. మరుసటి యేడు ఒడ్డు కనబడుచుండగనే బోల్టులు పలకను చీల్చుకొని ఇంజను ఒరిగినది. తెడ్లతో వచ్చిరి. అది దూరమున జరిగియుండినచో నేను ఆ యింటికి వేరు పనిమీద పోవలసి వచ్చెడిది.

కనుక ముందు పరీక్షింపుడి. సుత్తితో మెల్లగా కొట్టిన గట్టిచెక్క ఖణీలుమనును, చివికినది మందముగా పలుకును. అనుమానమున్నచోట లోపలినుండి సన్నని బెజ్జము వేయుడి. పొట్టు తెల్లగా పొడిగా వచ్చిన మంచిదే. నల్లగా తడిగా వచ్చిన కోయక తప్పదు.

తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మోటారు పడవలకు వేట నిషేధము గదా. ఎండలు మండు ఆ దినములే ఈ పనికి తగినవి. ఇంజను దించి, లోపలి పొరను అంచు చుట్టు రెండంగుళములు విడిచి కోయుడి. బయటి పొర ఆకారమును కాపాడును, దానిని ముట్టకుడి. పిమ్మట ఉలితో చివుకు తీయవలెను. అందరును అలసిపోవునది ఇక్కడనే. క్రింది సగము కొంత గట్టిగా కనబడినప్పుడు దానిని విడిచిపెట్టుదమని తోచును. విడువకుడి. తడిసినదంతయు తీసి, పొరను గరుకు కాగితముతో రుద్ది, దినములు లెక్కింపక ఎండనిండు.

పాత పలక మందము కొలిచి, అట్టతో మూస తీసి, ఐ.ఎస్. 710 గుర్తుగల మెరైన్ ప్లైవుడ్ కోయుడి. 18 మిల్లీమీటర్లవి రెండు అంటించిన సుమారు అంగుళమున్నర యగును. పాత పడవ పాలియెస్టర్ రెజిన్‌దైనను, చెక్కను అంటించుటకు ఇపాక్సీయే మేలు. వెల ఎక్కువని నేనెరుగుదును. చెక్క అంచులకు మొదట పలుచని ఇపాక్సీ త్రాగునంత పట్టించి, తరువాత సిలికా పొడితో చిక్కపరచినది పూసి, ఖాళీ మిగులకుండ బిగింపుడి. మూలలు నింపి, గాజుగుడ్డ పొరలను పడవ ప్రక్కలమీదికి ప్రాకునట్లు వేయుడి.

పాలియెస్టర్ వాడువారికి ఒక హెచ్చరిక. కోబాల్టును, గట్టిపరచు ద్రవమైన ఎం.ఇ.కె.పి.ని నేరుగా కలిపినయెడల ప్రేలును. ఆ ద్రవము కంట పడిన చూపు పోవచ్చును. పిల్లలను దగ్గరకు రానీయకుడి.

ఇక బోల్టుల రంధ్రములు. కావలసినదానికంటె పెద్దవిగా తొలిచి, ఇపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడిన తరువాత నడుమ సరియైన కొలతకు మరల తొలువుడి. అప్పుడు బోల్టు చెక్కను తాకదు. నీరు బోల్టు వెంట వచ్చినను చెక్కను చేరలేదు. పడవలకు వాడు సీలెంటు పూసి బిగించి, మొదటి వేటనుండి వచ్చినప్పుడు మరల ఒకసారి తిప్పి చూడుడి.