షెరీఫు ఉద్యోగము: దాని చరిత్రము, విధులు

ఆంగ్లకథలలో రాబిన్‌హుడ్ అను విలుకాని వృత్తాంతమును చదివిన విద్యార్థులకు నాటింగ్‌హామ్ షెరీఫు అను క్రూరుడు తప్పక తెలిసియుండును. అమెరికా చలనచిత్రములలోనన్ననో, రొమ్మున నక్షత్రము ధరించి గుఱ్ఱమెక్కిన షెరీఫే కథానాయకుడు. ఒకే పేరుగల యుద్యోగి ఒకచోట దుష్టుడుగను, మఱియొకచోట రక్షకుడుగను కనబడుటకు కారణమేమని బాలురు తరగతిలో మమ్ము పలుమారులడిగియున్నారు. కావున ఆ విషయమును ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

ప్రాచీనాంగ్లభాషలో షైర్ అనగా జిల్లావంటి భూభాగము. రీవ్ అనగా అధికారి. ఈ రెండు పదములును కలిసి, జనుల నోట నలిగి, షెరీఫు అయినవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వమే ఈ యుద్యోగము కలదు. జయించినవారు దానిని తీసివేయకపోగా మఱింత బలపఱచిరి. రాజుగారి పన్నులు రాబట్టుట, దొంగలను పట్టుట, చెఱసాలను కాచుట, న్యాయస్థానమును నడుపుట, యుద్ధమునకు జనమును కూర్చుట, అన్నియు ఒక్కనిచేతనే యుండెను. పన్ను వసూలును శాంతిరక్షణయు ఒక్క మునసబు చూచుకొనిన మన పూర్వపు గ్రామపద్ధతి నెఱిగినవారికి ఇది వింతగా తోపదు. అయితే అచ్చట ఆ యధికారము ఒక గ్రామముపై గాక జిల్లా యంతటిపైని ఉండెను.

షెరీఫు ఏటేట ఇంతయని నిర్ణయింపబడిన మొత్తమును రాజునకు చెల్లింపవలెను. అంతకు మించి రాబట్టినది అతనిదే. దీనినే మనవారు గుత్త యందురు. గుత్తదారుని చేతికే చెఱసాల తాళపుచెవి నిచ్చినచో పేదరైతు గతి యేమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏటికి రెండుమారులు, ఈస్టరునకును మైకెల్మాసునకును, షెరీఫులు రాజుగారి ఖజానాయెదుట లెక్క యొప్పగింపవలసియుండెను. గళ్లగుడ్డ పఱచిన బల్లపై బిళ్లలనుంచి ఆ లెక్కలు తేల్చెడివారు. ఆ గళ్లనుబట్టియే ఆ ఖజానాకు ఎక్స్‌చెకర్ అను పేరు కలిగినది.

ఫిర్యాదులు మిక్కుటము కాగా 1170లో రెండవ హెన్రీ రాజు విచారణ జరిపించి షెరీఫులలో పెక్కుమందిని తొలగించెను. అయినను పీడ తీఱలేదు. 1215లో జాన్ రాజుచేత ప్రభువులు ఒప్పించిన మాగ్నాకార్టాను చదివినచో షెరీఫు మాట పలుచోట్ల కనబడును. స్వతంత్రుని గుఱ్ఱమునుగాని బండినిగాని అతని యనుమతిలేక షెరీఫు తీసికొనరాదు. దేశధర్మము నెఱిగి, దానిని పాటింపగోరువారినే ఆ పదవియం దుంచవలెను. ఫిలిప్ మార్క్ అను నాటింగ్‌హామ్ షెరీఫును పేరుపెట్టి తొలగింపుమని యందు వ్రాయబడినది. కథలోని షెరీఫు కల్పితుడే యైనను, జనుల కోపము కల్పితము కాదు! 1340లో ఏ షెరీఫును ఒక్క సంవత్సరమునకంటె నెక్కువ పదవిలో నుండరాదని శాసనమైనది. తరువాత అధికారములు ఒక్కటొక్కటిగా ఇతరుల పాలయ్యెను. నేటి ఇంగ్లండులో హై షెరీఫునకు మిగిలినది గౌరవమే. జీతము లేదు, ఖర్చు మాత్రము తనదే. రాజు తోలుకాగితముపై అతని పేరునెదుట సూదితో పొడిచి నియమించును.

ఆంగ్లేయులు తాము పోయిన దేశములకు ఈ యుద్యోగమును వెంటగొనిపోయిరి. 1726 నాటి రాజశాసనమువలన చెన్నపట్టణమునకును షెరీఫు కలిగెను. న్యాయస్థానపు ఉత్తరువులను అమలుజరుపుటయు, పౌరుల మహాసభలను పిలుచుటయు అతని పనులు. తుదకు అది అలంకారప్రాయమై 1998లో రద్దయ్యెను.

అమెరికాలో నన్ననో అది వేఱొక దారి పట్టెను. 1634లో వర్జీనియా వలసరాజ్యమును ఎనిమిది షైరులుగా విభజించినప్పుడు షెరీఫులును వచ్చిరి. స్వాతంత్ర్యానంతరము రాజు లేడు గనుక, క్రమముగా ప్రజలే వారిని ఎన్నుకొనసాగిరి. నేడు పెక్కు రాష్ట్రములలో షెరీఫు నాలుగేండ్లకొకమారు ఎన్నికకు నిలువవలెను. కౌంటీ చెఱసాలను నడుపుట, న్యాయస్థానమును కాచుట, సమనులను అందజేయుట, కోర్టు తీర్పు ననుసరించి ఆస్తులను వేలమువేయుట, నగరములకు వెలుపలి ప్రాంతములలో గస్తీ తిరుగుట అతని ముఖ్యవిధులు.

రాజు నియమించినప్పుడు రాజునకు వెఱచెను; ప్రజలు ఎన్నుకొన్నప్పుడు ఎవరికి వెఱచును? ఓటుగలవారికే కదా! దక్షిణరాష్ట్రములలో నల్లజాతివారిని చాలకాలము ఓటు వేయనీయలేదు. గుంపులు చెఱసాలమీదికి వచ్చి నల్లజాతి ఖైదీలను ఈడ్చుకొనిపోయి చంపుచుండగా, ప్రక్కకు తొలగిన షెరీఫులు పలువురు. తొలగనివారును లేకపోలేదు. 1931 మార్చిలో అలబామాలోని స్కాట్స్‌బరోలో తొమ్మండుగురు నల్లజాతి యువకులపై అబద్ధపు నేరము మోపబడినప్పుడు, షెరీఫు వాన్ వారిని గుంపునకు అప్పగింపక, సైన్యమును పంపుడని గవర్నరును కోరెను. ఆ గుంపులోనివారే అతని ఓటర్లని మఱవరాదు.

అదే రాష్ట్రములో సెల్మా పట్టణముగల డల్లాస్ కౌంటీకి జిమ్ క్లార్క్ షెరీఫు. దొంగను వెంటాడుటకు ప్రజలను తోడుపిలుచు ప్రాచీనాధికారము షెరీఫునకు కలదు. 1965 మార్చి 7వ తేదీన ఓటుహక్కు కోరి నడచినవారిని వంతెనయొద్ద కొట్టినవారిలో రాష్ట్రపోలీసులతోబాటు, ఆ యధికారముననే క్లార్క్ కూర్చిన గుఱ్ఱపురౌతులును ఉండిరి. ఆ యేటనే ఓటుహక్కుల చట్టము వచ్చెను. 1966లో నల్లజాతివారు వేలకొలది ఓట్లు వేయగా క్లార్క్ ఓడిపోయెను. అదే సంవత్సరము మేకన్ కౌంటీలో లూషియస్ ఆమెర్సన్ అను నల్లజాతివాడు షెరీఫుగా ఎన్నికై, 1967 జనవరిలో ఆ కౌంటీ చెఱసాల తాళపుచెవులను చేతబట్టెను.