వసంతంలో పెరటి తోట: తీగ కూరగాయలు

శివరాత్రితో చలి పోతుందంటారు. బీర, కాకర, గుమ్మడి గింజలు పెట్టడానికి అదే అదను. ఆలస్యమైతే ఏమవుతుంది? పగటి పొద్దు, ఎండ పెరిగిన కొద్దీ ఈ తీగలకు మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. తీగ పచ్చగానే ఉంటుంది, కాయలు మాత్రం అంతగా ఉండవు.

ముందుగా అడుగున్నర లోతు గుంత తవ్వి, పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు చేరతాయి. కాకర గింజల పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టాలి. గుంతకు నాలుగు గింజలు అంగుళం లోతున పెట్టి, మొలిచాక బలమైన రెండు మొక్కలనే ఉంచండి. మిగిలినవి పీకడానికి చేయి రాదు, అయినా పీకాలి.

ఇక పూత. "పూసిందంతా రాలిపోతోంది" అని చాలామంది దిగులు పడతారు. మొదట పూసేవి ఎక్కువగా మగపూలే. అవి రాలడం సహజం. ఆడపువ్వు అడుగున చిన్న పిందె ఉంటుంది. ఆ పిందె పసుపుబారి రాలితే, చాలావరకు పుప్పొడి అందలేదన్నమాట. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున, బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకు మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయండి. తేనెటీగ చేసే పని ఇదే. పూత మీద పురుగుమందు చల్లితే ఆ తేనెటీగలే చస్తాయి.

పాదుల్లో ఎండుటాకులు పరిస్తే తేమ త్వరగా ఆరదు. బియ్యం కడిగిన నీళ్ళు పాదులకే మళ్ళించండి.

అభ్యాసం: మీ ఇంట్లోగాని, పొరుగింట్లోగాని ఉన్న ఒక తీగపై వారం రోజులపాటు రోజుకు ఎన్ని మగపూలు, ఎన్ని ఆడపూలు పూశాయో లెక్కించి రాయండి.