మనసుకూ మందుంది

జ్వరం వస్తే ఏం చేస్తాం? ఆసుపత్రికి పోతాం. కాలు విరిగితే కట్టు కట్టిస్తాం. మరి మనసుకు జబ్బు చేస్తే?

దాచిపెడతాం. "గాలి సోకింది" అంటాం. తాయెత్తు కట్టిస్తాం. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటాం. మొక్కుకోవడంలో తప్పు లేదు. దేవునికి మొక్కుదాం. డాక్టరు దగ్గరికీ పోదాం.

ఎట్లా గుర్తుపట్టాలి?

నిద్ర పట్టదు. తిండి సయించదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఊరికే ఏడుపు వస్తుంది. కొందరికి ఎవరూ లేకున్నా మాటలు వినిపిస్తాయి. కాన్పు తర్వాత కొందరు తల్లులకు బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. ఇది పాపం కాదు, శాపం కాదు. జబ్బు.

రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. "చచ్చిపోతా" అనే మాట వస్తే ఆ రోజే చూపించాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

గొలుసు మందు కాదు

తమిళనాడులో ఏర్వాడి అనే ఊరు ఉంది. అక్కడ పేరున్న దర్గా ఉంది. నయమవుతుందనే ఆశతో మనసు జబ్బు ఉన్నవాళ్లను అక్కడికి తీసుకుపోయేవారు. దగ్గరలో పాకలు వేసి వాళ్లను ఉంచేవారు. పారిపోకుండా గొలుసులు వేసేవారు. 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పు అంటుకుంది. గొలుసులు ఉన్నాయి. పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. జబ్బు మనిషికి గొలుసు వేయడం ఈ చట్టం ప్రకారం నేరం. పేదవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఉచితంగా ఇవ్వాలి.

బళ్లారి చూపిన దారి

మన ఆదోని తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ బళ్లారిలో 1980 తర్వాతి సంవత్సరాల్లో ఒక మంచి పని జరిగింది. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి డాక్టర్లు పల్లె ఆసుపత్రుల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. మనసు జబ్బుకు ఊరి దగ్గరే వైద్యం చేయవచ్చని తేలింది. 1996లో కేంద్ర ప్రభుత్వం ఆ పద్ధతినే జిల్లాల్లో మొదలుపెట్టింది.

మందు ఉచితం, మరి చందా ఎందుకు?

కర్నూలు పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల విభాగం ఉంది. మాధవరం నుంచి పోయి రావాలంటే ఒక రోజు పడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో టికెట్ లేదు. అయినా ఆ రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. జబ్బు మగవాడిదైతే టికెట్ కొనాలి. తిండి ఖర్చు ఉంటుంది. అందుకే చాలామంది ఒకసారి పోతారు, రెండోసారి మానేస్తారు. ఇంటిల్లిపాదీ సుగ్గికి పోతే మందు ఆగిపోతుంది. మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది.

ఈ ఖాళీని చందా డబ్బు పూడుస్తుంది. చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు 'ద బ్యానియన్' అనే సంస్థ పెట్టారు. మతి తప్పి రోడ్ల మీద తిరిగే ఆడవాళ్లకు నీడ ఇచ్చారు. వైద్యం చేయించారు. ఎందరినో ఇళ్లకు చేర్చారు. దాతల చందాలే దానికి పెద్ద అండ. సినిమా వాళ్లు నాటకం ఆడి కూడా దానికి డబ్బు పోగు చేశారు.

మనం ఏం చేయగలం?

మన ఊరిలో 5 పొదుపు సంఘాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో సంఘంలో 10 మంది. నెలకు తలా 10 రూపాయలు వేస్తే:

10 మంది × 5 సంఘాలు = 50 మంది
50 మంది × 10 రూపాయలు = 500 రూపాయలు
500 × 12 నెలలు = 6,000 రూపాయలు

ఒకసారి పోయి రావడానికి, కూలి నష్టంతో కలిపి, 1,000 రూపాయలు అవుతుందనుకుందాం. 6,000 రూపాయలతో సంవత్సరానికి 6 సార్లు పంపవచ్చు. మందు ఆగకుండా చూడవచ్చు.

నాలుగు జాగ్రత్తలు

1. ఈ డబ్బును పొదుపు డబ్బులో కలపకండి. వేరే పుస్తకం పెట్టండి.
2. రసీదు లేకుండా చందా ఇవ్వకండి, తీసుకోకండి. అంకెల్లో ఎంత రాశారో, అక్షరాల్లో ఎంత రాశారో చదవండి. తర్వాతే సంతకం. బయటివాళ్లు చందాకు వచ్చినా ఇదే పద్ధతి.
3. నెలకోసారి అందరి ముందు లెక్క చదవండి. కానీ జబ్బు మనిషి పేరు చదవకండి. "ప్రయాణ ఖర్చు" అంటే చాలు.
4. సుగ్గికి పోయే ముందు డాక్టరును అడగండి. ఎన్ని రోజులకు మందు ఇస్తారో తెలుసుకొని వెంట తీసుకుపోండి.

ఈ నంబరు గోడ మీద రాసుకోండి: 14416. దీని పేరు టెలి మానస్. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రి, పగలు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. డబ్బు పడదు.

కొత్త మాటలు

చట్టం: ప్రభుత్వం చేసిన కట్టుబాటు
దాత: ఇష్టంతో ఇచ్చే మనిషి
రసీదు: డబ్బు ముట్టినట్లు ఇచ్చే కాగితం

లెక్క చేయండి

80 మంది నెలకు 10 రూపాయలు వేస్తే నెలకు ఎంత? సంవత్సరానికి ఎంత?

మాట్లాడుకోండి

1. జబ్బు మనిషి పేరు అందరి ముందు ఎందుకు చదవకూడదు?
2. మన వీధిలో మందు మానేసిన వాళ్లు ఉన్నారా? ఈ వారం వాళ్లింటికి ఎవరు పోతారు?